కాలువగట్టు మీద స్పర్శరేఖ

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసు కింద ఓ టీ కొట్టుంది. మొన్న అక్కడ అల్లం టీ గ్లాసు కాస్త వంచేసరికి, లోపల గుండ్రంగా ఉన్న టీ అంచు సాగి దీర్ఘవృత్తమైంది. ఆ వాసన, ఆ ఆకారం కలిసి నన్ను తీసుకెళ్లి, ఇంటర్లో లెక్కలు చెప్పిన రజియా మేడమ్ క్లాసులో కూర్చోబెట్టాయి. ఆవిడ కూడా ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని, మూత వంచి, ఇవ్వాళ్టి పాఠం ఇదేనని చూపించేవారు.

తొంభైల్లో పామర్రు నుంచి వచ్చి, గుణదలలో హాస్టల్లో ఉంటూ ఇంటర్ చదివాను. పదో తరగతి దాకా లెక్కలు కూడా బట్టీ పట్టి నెట్టుకొచ్చిన ఘనత నాది. మేడమ్ మొదటిసారి బోర్డు దగ్గరకు పిలిచినప్పుడు, దీర్ఘవృత్తం మీద ఏ బిందువు నుంచైనా లోపలి రెండు స్థిర బిందువులకు, అంటే నాభులకు, ఉన్న దూరాలు కలిపితే ఎప్పుడూ ఒకటే వస్తుందన్న నిరూపణను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. మధ్యలో ఆపి, ఈ మెట్టు ఎందుకొచ్చిందని అడిగారు. నేను మళ్లీ మొదటి నుంచి అప్పజెప్పబోయాను. ఆవిడ నా చేతిలోని చాక్‌పీసు తీసేసుకుని, "ఎక్స్‌లూ వైలూ తర్వాతమ్మా. ముందు మీ అమ్మకి చెప్పినట్టు మాటల్లో చెప్పు" అన్నారు. ఆ క్లాసులో అందరికీ అదే పద్ధతి. మాటల్లో చెప్పగలిగాకే చాక్‌పీసు చేతికొచ్చేది.

మా కాలేజీలో మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. మేడమ్ చెప్పేది పై సెక్షనుకే. ఓ పరీక్షలో, స్పర్శరేఖ తాను తాకిన చోట రెండు నాభుల నుంచి వచ్చే గీతలతో సమాన కోణాలు చేస్తుందని నిరూపించమన్నారు. గైడులోని సమీకరణం ఒక్కటీ గుర్తు రాలేదు. మా ఊరి కాలువ గుర్తొచ్చింది, అదే రాసేశాను. పేపరు దిద్దిన ఇంకో లెక్కల లెక్చరర్ రావుగారు ఇది పద్ధతి కాదని సున్నా వేసి, కింది సెక్షనుకు పొమ్మన్నారు. మార్కులు పోతే పోయాయి గానీ మేడమ్ క్లాసు పోతుందంటే ఏడుపు ఆగలేదు. స్టాఫ్ రూముకెళ్లి, మీరైనా ఆయనకు చెప్పమని బతిమాలాను. ఆవిడ పేపరంతా చదివి, "నేను చెప్తే సిఫార్సు అవుతుంది. నువ్వు చెప్పు, నిరూపణ అవుతుంది" అని, అక్కడే కూర్చున్న రావుగారి ఎదురుగానే నాకు బోర్డు చూపించారు.

బోర్డు దగ్గరకెళ్లి మొదలుపెట్టాను. కాలువను ఒక గీత అనుకోండి. ఒకే గట్టున మా ఇల్లు, అమ్మమ్మ ఇల్లు. బిందెతో బయల్దేరి, నీళ్లు ముంచుకుని అమ్మమ్మ ఇంటికెళ్లాలి. ఎక్కడ ముంచితే నడక తక్కువ? అమ్మమ్మ ఇంటిని అద్దంలోలా అవతలి గట్టున పెట్టి, మా ఇంటి నుంచి తిన్నగా గీత గీస్తే, అది కాలువను తాకిన చోట. అక్కడ రెండు దారులూ కాలువతో చేసే కోణాలు సమానం. ఇప్పుడు కాలువే స్పర్శరేఖ, ఇళ్లే నాభులు. ఆ రేఖ మీద దీర్ఘవృత్తాన్ని తాకే ఒక్క బిందువు తప్ప మిగతావన్నీ బయటే ఉంటాయి, వాటి మీదుగా వెళ్తే నడక ఎక్కువ. కాబట్టి బిందె ముంచాల్సింది ఆ బిందువు దగ్గరే, కోణాలు సమానమయ్యేదీ అక్కడే.

"బయటుంటే నడక ఎక్కువని ఎట్లా చెప్తావు?" అన్నారు రావుగారు. ఇక్కడ దొరికిపోతుందనుకున్నారు కాబోలు. బయటి బిందువు నుంచి ఒక నాభికి గీత గీసి, అది దీర్ఘవృత్తాన్ని దాటిన చోటును రెండో నాభితో కలిపాను. త్రిభుజంలో రెండు భుజాలు కలిస్తే మూడోదానికన్నా ఎక్కువే కదండీ అన్నాను.  ఆయన ఎర్ర పెన్ను తీసి, సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశారు. నన్ను పై సెక్షన్లోనే ఉండమని, రేపు తన సెక్షనుకొచ్చి ఈ కాలువ సంగతి అక్కడ కూడా చెప్పాలన్నారు. ఎగిరి గంతేయాలనిపించింది. మేడమ్ ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతికిచ్చారు. అంత రుచైన టీ నేను మళ్లీ తాగలేదు.

ఇప్పుడు వంతెనలు డిజైన్ చేస్తున్నాను. మొన్న పొద్దున మీటింగులో నా డిజైను చూసి, ఇలా ఎవరూ చేయరని పక్కన పెట్టేశారు. అందుకే కిందికొచ్చి టీ చెప్పుకున్నాను. గ్లాసు ఖాళీ చేసి మళ్లీ పైకెళ్లాను. లెక్కల కాగితాలు సంచిలోనే ఉంచి, మీటింగు గదిలో బోర్డు ముందు నిలబడి, "ముందు మాటల్లో చెప్తానండి" అన్నాను.