చింతకొమ్మకు కట్టిన తాడు

నా చిన్నప్పుడు నా జడ రోజూ పక్కింటి అక్క వేసేది. మా అమ్మ నేను పుట్టగానే పోయింది, తాతయ్యకు జడ వేయడం చేతకాదు. అక్క బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, రెండు నిమిషాల్లో బిగుతుగా అల్లి బడికి పంపేది. అంత చురుకైన వేళ్ళు నేను మళ్ళీ చూడలేదు.

మా పెరట్లోని చింతచెట్టు కొమ్మ ఒకటి వాళ్ళ గూనపెంకుల మీదికి వాలి ఉండేది. గాలి వీచినప్పుడల్లా పెంకులు పగిలేవి. కొట్టించమని అక్క రెండేళ్ళు అడిగింది. కాయ కాసే కొమ్మను కొట్టేది లేదని తాతయ్య మొండికేశాడు. చివరికి ఆమె లక్సెట్టిపేట కోర్టులో దావా వేసింది. తాతయ్యతో మాటలు బంద్ అయినా, నన్ను మాత్రం గోడ దగ్గరికి పిలిచి జడ అల్లేది.

ఆ ఎండాకాలం కొమ్మ మొదట్లో పగులు కనిపించింది. అక్క పంతం మాని తానే వచ్చింది.

"బాపూ, కేసు సంగతి కోర్టుల చూసుకుందాం. కొమ్మ పలిగింది, జర కొట్టియ్యు" అని బతిమాలింది.

తాతయ్య చెట్టెక్కి చూశాడు. దిగేసరికి ఆయన ముఖంలో భయం నాకు కనిపించింది. గొడ్డలి కూడా తీశాడు. కానీ ఇప్పుడు కొడితే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని ఆయన వకీలు అంతకుముందే చెప్పి ఉన్నాడు. గొడ్డలి మూలన పెట్టి, బావి తాడు తెచ్చి కొమ్మను మానుకు కట్టాడు. తాడు ఆపుతుందని నేనూ నమ్మాను.

నాలుగో రోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. కొమ్మ విరిగి వాళ్ళ వసారా మీద పడింది. కింద బీడీలు చుడుతున్న అక్క కుడిచెయ్యి దూలం కింద నలిగింది. ఆస్పత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. ఆమె ఇంటికొచ్చిన పొద్దున అలవాటు కొద్దీ దువ్వెన పట్టుకొని గోడ దగ్గరికి వెళ్ళాను. అక్క నన్ను చూసి చెయ్యి కొంగు కింద దాచుకుంది.

వాయిదాకు తాతయ్య నన్నూ వెంట తీసుకుపోయాడు. గాలికి పడిందని మాత్రమే చెప్పమని వకీలు నూరిపోశాడు. తాతయ్య బోనులో నిలబడి, "కొమ్మ పలిగిందని నాకెర్కే. కొట్టకుంట తాడు కట్టింది నేనే" అన్నాడు. ఆయన మీద గౌరవమూ కలిగింది, కోపమూ కలిగింది. ఆ నిజం గొడ్డలి చేతిలో ఉన్నప్పుడే ఒప్పుకొని ఉంటే అక్క చెయ్యి దక్కేది. బస్సులో ఆయన ఏడుస్తుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తర్వాత చెట్టు మొదలంటా కొట్టించాడు. అక్క చేతిలో బీడీలు చుట్టే తునికాకు మళ్ళీ నిలవలేదు. నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి వచ్చి ఏదైనా పాడైందంటే, తప్పెవరిదని అడగబుద్ధి కాదు. ముందు వెళ్ళి చూడ్డానికి చెప్పులేసుకుంటాను.