దబ్బమొక్కకి పోసిన బూడిద

నా చెయ్యి మంచిది కాదని మా అత్తగారు పక్క క్వార్టరావిడతో అన్న మాట పెరటి గోడ ఇవతల నిలబడి నా చెవులారా విన్నాను. "దాని చేత్తో నాటింది ఏటి నిలబడతాదమ్మా?" అప్పటికి నేను రాయపూర్ రైల్వే క్వార్టర్లో కాపురానికొచ్చి రెండేళ్లు. మూడో నెలలో ఒకసారి కడుపు పోయింది. ఆవిడ అన్నది ఒక్క మొక్క గురించే కాదని నాకు తెలియదూ! ఒళ్లు భగ్గుమంది.

ఆ మొక్క దబ్బమొక్క. మా అత్తగారు విజయనగరం నుంచి రైల్లో, పాత రేకు డబ్బాలో, ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. దారిపొడుగునా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట. "నా మొక్క, నా మొక్క" అంటూనే నాటమని నా చేతికిచ్చారు. నీళ్లు పోసేది నేను. పొద్దున్నే పొయ్యి తీసి ఆ బూడిద చేటతో తెచ్చి మొక్క మొదలికి పోసేది మాత్రం ఆవిడే. ఊళ్లో ఆవిడ పెంచిన ప్రతి చెట్టూ బూడిద తినే పెరిగిందట. ఆ పని ఇంకొకరిని చెయ్యనిచ్చేవారు కాదు.

మరుసటేడు కొత్తాకులు పసుపురంగులో రావడం మొదలెట్టాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వలలాగా కనిపించేవి. తరవాత వచ్చినవి ఇంకా పాలిపోయి, కొసలు మాడి రాలిపోయాయి. నీళ్లు తగ్గించాను, పెంచాను. ఏం చేసినా అంతే. "ఏటే, కామెర్లొచ్చిన పిల్లలాగయిపోనాది. ఏటి పోస్తన్నావే దానికి?" అనేవారు ఆవిడ. ఏం పోస్తాను, నా తలకాయ!

ఆఫీసర్ల బంగళాల్లో పనిచేసే ముసలి మాలీ ఒకడు మా వీధమ్మటే వెళ్లేవాడు. ఆ ఊరివాడే. ఆపి ఆకు చూపించాను. "లోహా కమతీ హే బాయీ" అన్నాడు. ఇనుము చాలలేదట.

మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. ఆ మాట విని పగలబడి నవ్వారు. "ఇనుముకి లోటేటే, రైల్వేలో ఉంటూ!" మర్నాడే తుప్పు బోల్టులు, ఇనప రజను సంచీడు తెచ్చి మొదట్లో పాతిపెట్టారు. రెండు నెలలు కాచుకు కూర్చున్నాం. మొక్క ఇంకా పాలిపోయింది గానీ కోలుకోలేదు.

మాలీని ఈసారి పెరట్లోకే తీసుకొచ్చాను. వేలితో మట్టి గీరి చూశాడు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు బూడిద చేటతో వచ్చారు. వాడు కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు. "రాఖ్ ఝన్ డార్ దాయీ!" బూడిద పోయొద్దన్నాడు. ఈ నేలలో అసలే సున్నం ఎక్కువట, పైన రోజూ బూడిదాయె. మట్టిలో ఎంత ఇనుమున్నా వేరుకి అందదట. పైమట్టి తీసేసి మాగిన పేడెరువు వెయ్యమన్నాడు. కిరాణా కొట్లో కసీస్ అడగమన్నాడు. మన అన్నభేదే అది, నీళ్లలో కరిగే ఇనప ఉప్పు. చిటికెడు చెంబు నీళ్లలో కరిగించి, చల్లటి పూట ఆకుల మీద చిలకరించాలి.

వాడింకా గుమ్మం దాటనేలేదు, నేను అందుకున్నాను. "విన్నారా అత్తయ్యా! నా చెయ్యి కాదు, మీ బూడిద! రోజూ మీ చేత్తో మీరే చంపుతున్నారు దాన్ని!" పక్కావిడ గోడ మీంచి తొంగిచూసింది. ఆవిడ వినాలనే ఇంకా గొంతు పెంచాను. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు కదా. ఈ కుండ ఎవరు కొట్టారో వీధంతా తెలియాలని నా కసి.

"నాకు తెల్దమ్మా" అన్నారు మా అత్తగారు. చేట గోడకి ఆనించి లోపలికెళ్లిపోయారు. ఆ తరవాత ఆవిడ పెరట్లో ఆ మూలకి రాలేదు.

మాలీ చెప్పినట్టే వారానికోసారి చిలకరించాను. నెల తిరిగేసరికి చిగుళ్లు నిండు ఆకుపచ్చగా వచ్చాయి. సంతోషం పట్టలేక ఒక ఆకు తుంచి పరిగెత్తాను. ఆవిడ వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతున్నారు. ఆకుని వేళ్లతో నలిపి, చాలాసేపు వాసన చూశారు.

"బాగుందమ్మా నీ మొక్క" అన్నారు.

మీదే అత్తయ్యా అనడానికి నాకు నోరు రాలేదు. నెల కిందట వీధంతా వినేలా అరిచింది ఆ నోరే.