హీటర్ ఉంటే వస్తానంది

మా ఆవిడ తొమ్మిదేళ్లుగా ఇల్లు దాటి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. పెళ్లిళ్లకు వస్తుంది, అక్షింతలు వేస్తుంది, భోజనం చేస్తుంది, ఎంత పొద్దుపోయినా జగ్గయ్యపేట బస్సెక్కేస్తుంది. మైలవరంలో సొంత చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లినా అంతే. ఈ పూటకి ఉండమని వాళ్లు చెయ్యి పట్టుకుంటే, పొద్దున్నే ఆయనకు కాఫీ నేనే పెట్టాలని నా మీదకు నెట్టి వచ్చేసింది. బంధువుల్లో నాకు ఆ విధంగా పేరు పడిపోయింది, పెళ్లాన్ని ఒక్క రాత్రి వదిలి ఉండలేని మనిషినని. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. నోరు కొంచెం పెద్దది, కోపం ఇంకొంచెం పెద్దది. అందుకని ఆ మాటను ఎవరూ అనుమానించలేదు. ఆవిడకు నా మీద అంత ప్రేమ అనుకుని నేను లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ తొమ్మిదేళ్ల నుంచీ ఒక మొక్కు కూడా అలాగే ఉండిపోయింది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి గ్లౌజులు వేసుకోకుండా స్తంభం ఎక్కి, షాక్ కొట్టి కిందపడ్డాను. తప్పు పూర్తిగా నాదే. రెండు రోజులు తెలివి లేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని మా ఆవిడ, ఈ మనిషి లేచి కూర్చుంటే వేదాద్రిలో ఒక నిద్ర చేస్తానని నరసింహస్వామికి మొక్కుకుంది. నిద్ర చేయడమంటే మా వైపు అందరికీ తెలిసిందే. సాయంత్రం దర్శనం చేసుకుని, రాత్రి స్వామి దగ్గరే పడుకుని, పొద్దున్నే కృష్ణ నీళ్లు నెత్తిన చల్లుకుని మళ్లీ దర్శనం చేసుకుని రావడం. మా ఇంటి నుంచి వేదాద్రి ఎంత దూరమని! ఆటోలో వెళ్లొచ్చు. నేను లేచి కూర్చున్నాను, నడిచాను, మళ్లీ స్తంభాలెక్కాను, రిటైరయ్యాను. నిద్ర మాత్రం తీరలేదు. నాకు కాలు బెణికినా, జ్వరం వచ్చినా మొక్కు బాకీ ఉందని ఆవిడ ముఖం చిన్నబోయేది. వెళ్దాం పదమంటే చూద్దాం లెండి అనేది. స్వామి నోటీసు పంపితేగాని కదలవా అని వేళాకోళం చేసేవాణ్ణి.

ఆవిడకు కీళ్లవాతం ఉన్న సంగతి నాకు తెలుసు. మందుల షాపుకి వెళ్లి మాత్రలు తెచ్చేది నేనే. మాత్రలు వాడుతోంది కాబట్టి తగ్గిపోయిందనుకున్నాను. నాకు ఏదైనా అంతే, ఫ్యూజు పోతే వేస్తే లైటు వెలగాలి.

రిటైరయ్యాక నాకు ఫోనులో వీడియోల పిచ్చి పట్టింది. ఎక్కడెక్కడి మనుషులో పాత బళ్లు కొని, లోపల మంచం, పొయ్యి, దీపాలు బిగించుకుని ఊళ్లు తిరుగుతున్నారు. బయట మంచు కురుస్తుంటే లోపల హీటర్ వేసుకుని, కాళ్లు చాపుకుని కాఫీ తాగుతున్నారు. చూస్తుంటే నోరూరేది. నందిగామలో లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడిపే మేస్త్రీ నాకు పాత పరిచయం. ఒకరోజు ఆయన షెడ్డు ముందు వాడకం అయిపోయిన పాత అంబులెన్సు ఒకటి అమ్మకానికి కనబడింది. ఇంజను చూశాను, అడుగు భాగం చూశాను, ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా కొనేశాను.

చెప్పాక ఇంట్లో గాలి ఆగిపోయింది. అందులో ఎంతమంది పోయారో అంది మా ఆవిడ. ఎంతమంది బతికారో అది కూడా లెక్కెయ్యమన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"అందులో హీటర్ ఉంటుందా అండీ?"

"ఎందుకుండదు? పెట్టిస్తా."

"హీటర్ ఉంటే వస్తా. ముందు వేదాద్రి తీసుకెళ్లాలి మరి."

నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. నా వెనక నిలబడి తనూ ఆ వీడియోలు చూస్తోందన్నమాట అనుకున్నాను. ముందు వేదాద్రి, ఆ తర్వాత బదరీ, ఆ పైన మంచు. నా బుర్రలో అప్పుడే రోడ్డు పడిపోయింది.

నాలుగు నెలలు నందిగామకు డ్యూటీకి వెళ్లినట్టు వెళ్లాను. స్ట్రెచర్ తీసేశాం, ఆక్సిజన్ గొట్టాలు పీకేశాం, సైరన్ విప్పేశాం. పాత వైరింగు చూస్తే కడుపు తరుక్కుపోయింది, ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో పెట్టినవాడికైనా తెలుసో లేదో. మొత్తం లాగి పారేసి కొత్తగా వేశాను. ప్రతి వైరుకూ చీటీ కట్టాను, ప్రతి లైనుకూ విడిగా ఫ్యూజు పెట్టాను. వెనక పెద్ద బ్యాటరీ, దానికో ఇన్వర్టర్. చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకోండి సార్, సులువుగా ఉంటుందన్నాడు మేస్త్రీ. మూసిన బండిలో సిలిండరా అని ఆయన మీద లేచాను. ముప్పై ఏళ్లు కరెంటు అన్నం తిన్నవాణ్ణి, కరెంటు పొయ్యే పెడతానన్నాను.

హీటర్ దొరకడం గగనమైంది. చివరికి ఆన్‌లైన్లో తెప్పించాను. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది. పక్కన తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో డీజిల్ పోస్తే, లోపల మండించి, లావుపాటి గొట్టంలోంచి వేడిగాలి వదులుతుంది. అక్టోబరు ఎండలో, రేకుల షెడ్డు కింద దాన్ని బిగించి ఆన్ చేశాం. ఇద్దరికీ చొక్కాలు తడిసిపోయాయి. మేస్త్రీ చెమట తుడుచుకుంటూ, మనకి ఇది దేనికి సార్, తలుపు తీస్తే సరిపోద్ది కదా అన్నాడు. నీకు తెలీదు ఊరుకోమన్నాను.

పని సగంలో ఉండగా మా ఆవిడ ఒక్కసారి షెడ్డుకి వచ్చింది. లోపలికెక్కి మంచం చూసింది, కర్టెన్లకు కొలతలు తీసుకుంది. తర్వాత ఆ తెల్ల ట్యాంకు దగ్గర ఆగి, ఇదేనా హీటర్ అని అడిగింది. ఇదేనన్నాను. ట్యాంకులో ఎన్ని పడతాయంది. ఐదు లీటర్లన్నాను. ఐదు చాలు అంది. ఎంతసేపట్లో వేడెక్కుతుందంది. పది నిమిషాలన్నాను. "అంతేనా" అంది. ఆ ముఖంలో వెలుగు చూసి నేను గర్వంతో పొంగిపోయాను. నా పని తెలిసిన మనిషి మెచ్చుకున్నట్టు అనిపించింది.

బండికి లేతపసుపు రంగు వేయించి జగ్గయ్యపేటకు తోలుకొచ్చాను. రంగు మారినా దాని వాటం మారలేదు. హైవే మీద లారీలు పక్కకు తప్పుకున్నాయి. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర కుర్రాడు అడక్కుండానే గేటు ఎత్తేశాడు. నేను ఆపి, బాబూ ఇది అంబులెన్సు కాదని చెప్తుంటే, వెనకున్న కార్లవాళ్లు పేషెంటుని పెట్టుకుని ఈ వాదనేంటని నన్నే తిట్టారు. ఇంటి ముందు ఆపిన గంటలో ముగ్గురొచ్చి అక్కయ్యగారికి ఎలా ఉందని అడిగి వెళ్లారు. అక్కయ్యగారు నిక్షేపంగా లోపల పులిహోర కలుపుతోందని అందరి మీదా విసుక్కున్నాను.

జనవరి ఆఖర్లో బయల్దేరాం. వేదాద్రిలో సాయంత్రం దర్శనం చేసుకుని, నది కనబడేటట్టు బండి పెట్టాను. నిద్ర చేయడానికి వచ్చినవాళ్లు చుట్టూ చేరారు. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. లైట్లు వేసి చూపించాను, ఫ్యాను తిప్పి చూపించాను, కరెంటు పొయ్యి మీద ఎనిమిది మందికి టీ కాచాను. మా ఆవిడ మంచం అంచున కూర్చుని, వచ్చిన ఆడవాళ్లకు "హీటర్ కూడా ఉందండి" అని చెబుతోంది. నా ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ నా గురించి బయటివాళ్ల దగ్గర గొప్ప చెప్పుకోవడం వినలేదు. ఆ రాత్రి చాలా సంతోషంగా పడుకున్నాను.

పొద్దున ఆరింటికి మెలకువ వచ్చింది. ఇంట్లో ఆ వేళకి ఆవిడ లేచి, స్నానం చేసి, జడ వేసుకుని, కాఫీతో సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు నాకంటే ఒక్క నిమిషం ముందు లేచినట్టుంది. మంచం మీద కూర్చుని, చేతులు రెండూ దుప్పట్లో పెట్టుకుని ఉంది. హీటర్ వెయ్యమంది. స్విచ్చి నొక్కాను. రాత్రి నా ప్రదర్శనకు బ్యాటరీ పడిపోయి ఉంది, ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. కంగారు పడకు అని ఇంజను స్టార్ట్ చేసి, మళ్లీ నొక్కాను. కాసేపటికి గొట్టంలోంచి వేడిగాలి ఆవిడ పాదాల మీదకు వచ్చింది. ఎలా ఉంది అన్నట్టు చూశాను.

"నీళ్లేవండీ?"

"ఏం నీళ్లు?"

"వేడినీళ్లు. హీటర్ అన్నారుగా."

మా ఊళ్లో హీటర్ అంటే నీళ్లు కాచేది. బకెట్లో వేసే రాడ్డు, కాదంటే బాత్రూంలో గోడకి బిగించే డబ్బా. గదిని వేడి చేసుకునే ఖర్మ జగ్గయ్యపేటలో ఎవడికుంది? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మాటకు నాకు తెలిసిన అర్థం కూడా అదే. నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఒకే మాట అనుకుంటూ, తను నీళ్లనుకుంది, నేను ఆ వీడియోలు చూసి గాలనుకున్నాను. ముందు నాకు వచ్చింది కోపమే. ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చు కదా అని అరిచాను. అరుస్తూ ఉండగానే ఆవిడ దుప్పట్లోంచి చేతులు బయటకు తీసి, కిందకు వంగి, గొట్టం ముందు పెట్టింది.

రెండు చేతులూ పిడికిళ్లు. వేళ్లు లోపలికి ముడుచుకుని, కణుపులు ఉబ్బి, ఎర్రగా ఉన్నాయి. తెరవాలని చూస్తోంది, తెరుచుకోవడం లేదు. నేను ఒక వేలు పట్టుకుని లాగబోతే గట్టిగా కళ్లు మూసుకుంది. వదిలేశాను. ఆ గాలి ఎంతసేపు తగిలినా వేళ్లు కదల్లేదు. బ్యాటరీ మళ్లీ నిండేదాకా కరెంటు పొయ్యి పనిచేయదు. గ్యాసు నేనే వద్దన్నాను. ఫ్యూజులు, చీటీలు, వైర్లు అన్నీ చక్కగా ఉన్నాయి, గిన్నెడు నీళ్లు కాచే దారి లేదు. నాకు ఏడుపొచ్చింది.

మూత ఉన్న క్యాను పట్టుకుని పైన టీ కొట్టుకి పరిగెత్తాను. కొట్టావిడ నీళ్లు మరిగిస్తూ, అంబులెన్సులో పేషెంటుకి ఎలా ఉందండీ అని అడిగింది. పేషెంటు లేదు, అది అంబులెన్సు కాదు అని నిన్నటిదాకా అందరితో పోట్లాడినవాణ్ణి. ఈసారి మాత్రం పర్లేదమ్మా అని చెప్పి, నీళ్లు పోయించుకుని దిగాను.

గిన్నెలో పోసి, చల్లనీళ్లు కలిపి, వేడి సరిపోయిందో లేదో చూసి ముందు పెట్టాను. కాసేపు అటు తిరగమంది. తిరగలేదు. ఆవిడ పిడికిళ్లు రెండూ నీళ్లలో ముంచి కూర్చుంది. చాలాసేపటికి ఒక చిటికెన వేలు కొంచెం విడింది. అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది. రోజూ ఇంతేనట. నాలుగున్నరకే లేచి, మోచేతులతో తలుపు తోసి, రాత్రే నింపి పొయ్యి మీద పెట్టుకున్న నీళ్లు, రెండు మణికట్ల మధ్య నాబ్ పట్టి తిప్పి కాచుకుంటుందట. అరగంట, చలికాలం ముప్పావుగంట. ఒకప్పుడు రాడ్డు వాడేదట. షాక్ కొట్టి చస్తావా అని నేనే దాన్ని విరిచి పారేశాను, అది నాకు జ్ఞాపకం ఉంది. చెల్లెలి ఇంట్లో పడుకుంటే పొద్దున్నే జాకెట్టు హుక్కులు కూడా ఎవరో ఒకరు పెట్టాల్సి వస్తుందని బస్సెక్కేసేదట. కాఫీ సంగతి వాళ్ల కోసం చెప్పిన మాట.

"ఇవాళ మరీ ఇంత బిగుసుకుపోయాయేమిటి?" అన్నాను.

"ఆరింటిదాకా పడుకున్నాగా. హీటర్ ఉందనే ధీమాతో ఒళ్లు తెలీకుండా నిద్రపోయా. తొమ్మిదేళ్లకి మొక్కయితే తీరిందండి."

ఆ మాట నవ్వుతూనే అంది. ఇన్నేళ్లు పక్కనే పడుకున్న మనిషిని. రోజూ ఆరింటికి ఆవిడ విచ్చుకున్న చేతుల నుంచి కాఫీ అందుకున్నాను గాని, అవి ముడుచుకుని ఉండటం ఒక్క పొద్దున చూడలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. గట్టిగానే అడిగానేమో, నాకు మెల్లగా అడగడం రాదు.

"చెప్తే బాగుచెయ్యాలని చూస్తారు మీరు. అవ్వకపోతే నా మీద కేకలేస్తారు. ఇది బాగయ్యేది కాదండి."

గిన్నె జారకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మూడు వేళ్లు విడ్డాయి. నీళ్లు అప్పుడే చల్లారిపోతున్నాయి.