బోర్లించిన మేళం

కపిలేశ్వరపురం దగ్గర గోదావరి గట్టు దిగువన చిన్నతల్లి ఇల్లు. మట్టి తొక్కడం ఆమె వంతు, చక్రం తిప్పడం భర్త సత్తిరాజు వంతు. కుండల మీద బొమ్మలూ ఆయనే వేసేవాడు. నిరుడు ఆయన చూపు మసకబారాక ఆ కుంచె ఆమె చేతికొచ్చింది. చుక్కలు, మెలికలతో నెట్టుకొచ్చింది. చుక్కకు తలా తోకా ఉండవు గనక ఏ ఇబ్బందీ రాలేదు.

శ్రావణంలో ఊళ్ళో పెద్దింటి పార్వతి కూతురి పెళ్ళి. పిల్ల వీణ నేర్చుకుంది. పెళ్ళిలో పెట్టే బొమ్మల కుండల్ని, అరివేణి కుండల్ని, కుమ్మరింటి నుంచి మేళంతో తీసుకెళ్ళడం ఆనవాయితీ.

"అరివేణి కుండల మీద ఈసారి వీణ, సన్నాయి, డోలు ఉండాలండి. చేతకాదంటే చెప్పెయ్యండి, ఆలమూరులో చేయించుకుంటాం," అంది పార్వతి.

"ఎందుకు చేతకాదండీ!" అంది చిన్నతల్లి. ఈ ఇల్లు ఆలమూరు వెళితే వెనకాలే ఊరంతా వెళుతుందని ఆమెకు తెలుసు.

సుద్దమట్టిని పాలలా కలిపి, కుండ సగం ఆరినప్పుడే బొమ్మ వెయ్యాలి. పూర్తిగా ఆరితే పూత పెచ్చులూడుతుంది. గుండ్రటి అడుగున్న పచ్చి కుండ నిలబడదు. మూతి మీద బోర్లించి ఆరబెడతారు. చిన్నతల్లి అలా బోర్లించిన కుండల ముందే కూర్చుని వీణనూ, డోలునూ, బుగ్గలు పూరించి సన్నాయి ఊదే ఊరి మేళగాడు గంగబాబునూ శ్రద్ధగా వేసింది. కాల్చడానికి ఆవంలో పేర్చడమూ బోర్లాగానే. ముసురు వల్ల ఆలస్యమై, పెళ్ళివారు వచ్చే రోజు పొద్దున్నే ఆవం విప్పింది. చుట్టకుదురు మీద ఒక్కో కుండనూ నిలబెట్టింది. మేళమంతా తలకిందులుగా ఉంది.

"ఏవైందే, పలకవేం?" అన్నాడు సత్తిరాజు.

"మేళం శీర్షాసనం వేసిందండి."

ఆయన వేళ్ళతో తడిమి, "డోలు ఎటు తిప్పినా డోలేలే," అన్నాడు. మిగతావాటి సంగతి ఎత్తలేదు.

ఇంతలో కుండల కోసం పెళ్ళింటి ఆడవాళ్ళు వచ్చేశారు, ముందు గంగబాబు మేళం. చిన్నతల్లి ఏమీ దాచలేదు.

"తలకిందుల బొమ్మలు పెళ్ళింట్లో పెడతారటమ్మా? ఆలమూరుకి కారు పంపించు పార్వతీ!" అంది పెళ్ళికూతురి మేనత్త రాజ్యలక్ష్మి.

"సున్నం కొట్టి చుక్కలు పెట్టేస్తానండి. కాస్త ఆగండి."

"ముహూర్తం ఆగుతుందేంటి?"

గంగబాబు మెడ వంచి కుండని చూశాడు. "ఆయ్, నేనేనండి! అద్దంలో కూడా ఇంత బాగుండనండి." తర్వాత మేనత్త వైపు తిరిగాడు. "పాట పూర్తవకుండా కుండ లేపకూడదు కదండీ? పాట ఎత్తుకుంటున్నానండి మరి."

సన్నాయి మొదలైంది. చిన్నతల్లి సున్నం కలిపింది. కాలిన మట్టి పూసింది పూసినట్టే పీల్చుకుంది. ముందు వీణ పోయింది, తర్వాత డోలు, చివరికి గంగబాబు బుగ్గలు. వాటి మీద ఎర్రజాజుతో చుక్కలు పెడుతోంది. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తోంది.

"ఏం పాటండీ ఇది, అవ్వదా?" అంది రాజ్యలక్ష్మి.

"పెద్ద కీర్తనండీ అమ్మగారూ," అన్నాడు డోలు ఆయన, చెయ్యి ఆపకుండా.

చివరి చుక్క పడింది. గంగబాబు పాట ముగించాడు. కుండలు లేచాయి.

గుమ్మం దాటబోతూ పార్వతి అరచేతికంటిన సున్నం తుడుచుకుంది. "మా రెండోదాని పెళ్ళికి ఈ వీణలూ గీణలూ వద్దండి. చుక్కలు చాలు."

"ఆయ్, అలాగేనండి."

మధ్యాహ్నం చిన్నతల్లి మరో పచ్చి కుండని బోర్లించుకుని కూర్చుంది.

"ఏం వేస్తున్నావే? చుక్కలేగా?" అన్నాడు సత్తిరాజు.

"గంగబాబునండి," అంది. "పైనుంచి ముందు కాళ్ళు."