సాలమ్మ పెట్టిన రాళ్లు

కొల్లాపూర్ దారికి పక్కన, గుట్టల నడుమ దొర కంచ ఉండేది. కంచ అంటే గడ్డి కోసం వదిలిన బీడు. దొర గుర్రాలకూ ఎడ్లకూ ఏడాది పొడుగునా గడ్డి అక్కడిదే. కోసేది మాత్రం వాడలోని ఆడవాళ్లు, వెట్టికి. నిజాం కాలం, పైగా దొర రాజ్యం. కూలి అడిగే నోరు ఎవరికుంది? ఆ కోతలో అందరికంటే ముందు సాలమ్మ నడిచేది.

ముందు నడవడం పెద్దరికం కాదు, పని. వానలకు ఆ గడ్డిలో అక్కడొకటి అక్కడొకటి పాలగడ్డ మొలిచేది. ఒంటి కాడ, కింద కాయ పడుతూ పైన తెల్లగా పూసేది, మట్టిలో బొటనవేలంత గడ్డ. బాలింతకు పాలు పడకపోతే ఆ గడ్డను దంచి జావలో కలిపి తాగించేవారు. భాద్రపదంలో కొడవళ్లు దిగేనాటికి దాని కాయలు పచ్చిగానే ఉంటాయి. కోస్తే విత్తనం రాలదు. అందుకని సాలమ్మ అత్త కాలం నుంచీ వాడలో ఒక కట్టుబాటు ఉంది. కోతకు ముందు ఒక మనిషి కంచంతా తిరిగి, మొక్క కనబడ్డచోటల్లా సున్నం పూసిన రాయి పెట్టాలి. రాయి చుట్టూ గుప్పెడు గడ్డి వదిలి మిగతాది కోస్తారు. కాయలు పగిలాక రాళ్లు ఏరేస్తారు. కాన్పయిన ఇంటికి ఒక్క గడ్డ తవ్వుతారు, అదీ విత్తనం రాల్చిన మొక్కదే.

సాలమ్మ మొదటి బిడ్డ తల్లిపాలు లేకే పోయాడు. ఆ ఏడు కరువు, కంచలో ఒక్క మొక్క లేవలేదు. తరువాత పుట్టింది సైదమ్మ. ఆ పిల్లకు పాలు పడింది గడ్డతోనే అని సాలమ్మ నమ్మకం. నమ్మకమో నిజమో మనకెందుకు, పిల్ల బతికింది. అందుకే ఎవరి కొడవలైనా రాయి దగ్గరకు జరిగితే సాలమ్మ ఊరుకునేది కాదు. "కండ్లు నెత్తికెక్కినయా? రేపు నీ కోడలు కనదా?" అని దులిపేసేది.

సైదమ్మ తొలిచూలుతో పుట్టింటికి వచ్చిన ఏడాది, దొర గుమాస్తా గోపయ్య గుర్రం దిగి కంచలోకి వచ్చాడు. ఎన్నడూ లేనిది, నవ్వుతూ పలకరించాడు.

"ఏమే సాలీ, గీ రాళ్లేంది?"

అంతా విప్పి చెప్పింది.

"మంచి పనే చేస్తున్నవ్. గొర్లు తొక్కకుండ దొరతోని చెప్పి కావలి పెట్టిస్త. అన్నిటికీ రాళ్లు పెట్టినవా?"

"వాగు దిక్కున్నవాటికి పెట్టలేదయ్యా. గాడికి కొడవలి పోదు."

"గవ్విటికి గూడ పెట్టు. కావలోనికి ఎర్కుండాలె గద."

సాలమ్మ పొంగిపోయింది. ఇన్నేళ్లకు దొర ఉండే గడిలో ఒకరికి తన పని పనిలా కనిపించింది. ఆ సంతోషమే ఆమె కొంప ముంచింది. వాగు ఒడ్డున ముళ్లపొదల్లో దాగినవాటిని కూడా వెతికి వెతికి తెల్లగా రాళ్లు పెట్టి వచ్చింది.

మర్నాడు గోపయ్య గడ్డపారలు పట్టిన మనుషులతో దిగాడు. దొరకు పట్నంలో ఒక పెద్దమనిషితో పని పడింది. ఆయనగారికి ముసలితనంలో కొత్త పెళ్లి. అడవిగడ్డ ఏదో తింటే మగతనం తిరిగొస్తుందని హకీము చెప్పాడట. నజరానాగా బుట్టెడు పంపాలి.

"నీ కాల్మొక్త అయ్యా, కాయలన్న పగలనియ్యుండ్రి," అని సాలమ్మ నేల మీద పడింది. "నా బిడ్డ నేడో రేపో కనేటట్టున్నది. దానికొక్కటన్న ఇడువుండ్రి."

"జరుగు. నువ్వు పెట్టిన రాళ్లే గద," అన్నాడు గోపయ్య.

రాయి నుంచి రాయికి నడుస్తూ తవ్వుకుపోయారు. వెతకాల్సిన కష్టం కూడా లేకపోయింది వెధవలకు. బుట్ట ఎత్తింది సాలమ్మ నెత్తికే. గడి దాకా అదీ వెట్టే.

సైదమ్మ మగపిల్లవాణ్ని కన్నది. పాలు పడలేదు. మేకపాలు గుడ్డతో పిండి పోస్తే వాడికి ఇమడలేదు. సాలమ్మ గడి వాకిట్లో నిలబడి ఒక్క గడ్డ అడిగింది. గుర్రాలు చూసే బీరన్న ఆమెను పక్కకు పిలిచాడు.

"గా పెంటకుప్ప మీద చూడు పెద్దమ్మా. హకీం చెప్పిన గడ్డ గిది కాదంట. బుట్ట వాపస్ తోలిండ్రు."

కుప్ప మీద గడ్డలు నల్లబడి, పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. అయినా ఒడిలోకి ఏరుకుంది. ఇంటికొచ్చి కడిగింది, వాసన చూసి పారబోసింది. పిల్లవాడు నెల తిరగకుండానే పోయాడు. గడ్డ ఉంటే బతికేవాడా అంటే ఎవరు చెప్పగలరు? సాలమ్మకు మాత్రం అనుమానం లేదు. "నా చేతులారా రాళ్లు పెట్టి నా మనుమణ్ని తవ్విచ్చిన," అని ఏడ్చేది. వాడంతా కాదని ఊరడించింది. సైదమ్మ ఒక్కతే కాదనలేదు.

కొన్నేళ్లు కంచలో ఒక్క పాలగడ్డా మొలవలేదు. తరువాత ఒక భాద్రపదం కోతలో, వరసకు ముందు నడుస్తున్న సాలమ్మకు గడ్డి మధ్య తెల్లగా కనబడింది. ఒకే ఒక్క కాడ, నిండా పూలు. ఆమె అక్కడే ఆగింది. గట్టు మీద గొడుగు కింద గోపయ్య నిలబడి ఇటే చూస్తున్నాడు.

"ఏందత్తా, ఆగినవ్? దొరికిందా?" వెనక వరసలోంచి బిక్షమ్మ కేకేసింది.

మట్టిలో గడ్డ ఉంటే వచ్చే ఏడు మొలుస్తుంది. విత్తనం మాత్రం రాలదు. సాలమ్మ కాడను గడ్డితో కలిపి పిడికిట పట్టి మొదలుకంటా కోసింది. పూలు బయటికి కనబడకుండా మోపులో తురిమి కట్టేసింది.

"ఏముంటదే? గడ్డే," అంది.

ఆ మోపు దొర గుర్రాలు తిన్నాయి.