నాకు కమ్‌బ్యాక్ వీడియోలు పంపకండి

ఆ రోజు పొద్దున కీబోర్డు మీద ‘టి’ మీట నొక్కితే పడలేదు. మళ్ళీ నొక్కితే పక్కనున్న ‘వై’ పడింది. వేలు కళ్ళ ముందే ఉంది, కానీ చెప్పిన మాట వినడం లేదు. స్క్రీన్ మీద ఎర్ర జెర్సీల కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తున్నారు. సగం ఆటకే చిత్తుగా ఓడిపోయినట్టు కనిపించిన జట్టు, చివరి నిమిషంలో గెలిచింది. స్టేడియమంతా లేచి నిలబడింది. నేనూ కుర్చీలోంచి లేవబోయి, తూలి, టేబుల్ అంచు పట్టుకున్నాను. కాళ్ళ కింద నేల పరుపులా మెత్తగా తగిలింది.

నా పని ఏమిటో చెప్పాలి, లేకపోతే ఇందులో నా కోపం మీకు అర్థం కాదు. అమెరికాలో కాలేజీల వాళ్ళు ఫుట్‌బాల్ అని ఒకటి ఆడతారు. మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తడం, ఎదుటివాణ్ణి గుద్ది పడెయ్యడం. డిసెంబర్, జనవరి నెలల్లో పెద్ద జట్లకి ‘బౌల్’ అని సీజన్ చివరి మ్యాచ్‌లు ఉంటాయి. వాళ్ళకి సాయంత్రం అయితే మనకి తెల్లవారుతుంది. చిత్తూరులో ఒక మేడ మీద కూర్చుని, ఆ మ్యాచ్‌లు చూస్తూ, ప్రతి కదలికకీ ఒక మీట నొక్కి గుర్తు పెట్టేవాళ్ళలో నేనొకణ్ణి. ఆ గుర్తుల్ని బట్టి, క్వార్టర్లనే నాలుగు భాగాలుగా నాలుగు గంటలు సాగే మ్యాచ్ పది నిమిషాల వీడియో అవుతుంది. ఎవడైనా దెబ్బ తగిలి నేల మీద పడిపోతే దానికో మీట ఉంది, ‘డెడ్ టైమ్’. డాక్టర్లు వచ్చినా, స్ట్రెచర్ వచ్చినా, వాడు లేచేదాకానో, తీసుకెళ్ళేదాకానో ఆ మీట. వీడియోలో ఆ భాగం ఉండదు.

ఆ పొద్దునే మా టీమ్ లీడ్ కిరణ్‌కి ఫోన్ చేశాను. గూడూరు మనిషి, బెంగళూరులో కూర్చుని మా మీద పెత్తనం చేస్తాడు.

“కిరణ్, చేతులు తిమ్మిరెక్కినాయి, కాళ్ళు నిలవడం లేదు. రెండు రోజులు సెలవు కావాల,” అన్నాను.

“బ్రో, బౌల్ సీజన్‌లో సెలవా? ఇప్పుడే చూసినావు గదా ఆ మ్యాచ్‌ని! నాలుగో క్వార్టర్‌లో ఎవడు నిలబడతాడో వాడిదే గెలుపు. నిలబడు బ్రో!”

నిలబడలేకపోతున్నానురా మగడా అని చెప్పడానికే కదా ఫోన్ చేసింది. పెట్టేశాను.

అంతకు రెండు వారాల ముందు నాకు విరేచనాలు పట్టుకుని, తగ్గిపోయాయి. ఈ తిమ్మిరికీ ఆ విరేచనాలకీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు? కూర్చుని చేసే పని, నరాలు పట్టేశాయనుకున్నాను. ఐరాలలో మా ఇంటికి వెళ్ళి మంచం ఎక్కాను. మా అమ్మ కూడా అదే అనుకుంది.

మా ఇంట్లో ఏ నొప్పికైనా మొదటి మందు ఉప్పు కాపడమే. కల్లుప్పు పెనం మీద చిటపటలాడేదాకా వేయించి, పాత చీర ముక్కలో మూటకట్టి, నొప్పి ఉన్నచోట అద్దుతారు. మా అవ్వ చేసింది, అమ్మ చేస్తుంది. అమ్మ నా పాదాల దగ్గర కూర్చుని మూట అదిమింది.

“కాలతా ఉండాదా నాయనా?”

“లేదుమా.”

మళ్ళీ పెనం మీద పెట్టి ఇంకాస్త వేడి చేసి తెచ్చింది. “ఇప్పుడు కాలతా ఉండాదా?”

“లేదుమా. ఇంకా గట్టిగా పెట్టు.”

చాలాసేపు అట్లాగే సాగింది. చలికాలం కదా అని చివర్లో సాక్స్ కూడా తొడిగింది. హాయిగా ఉందనుకున్నాను. హాయి కాదు, అసలు ఏమీ తెలియడం లేదని నాకు తట్టలేదు.

మరునాడు పొద్దున మంచం దిగితే నేరుగా నేల మీదికే దిగాను. మోకాళ్ళు మడుచుకుపోయాయి. నా భార్య హేమావతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఇంగ చాలయ్యా నీ ఆట! నీ కోసరం ఆ అమెరికావోళ్ళు వచ్చి మోసకపోతారా? లెయ్, ఆస్పత్రికి పోదాం.”

“లేవలేకపోతా ఉండానే,” అన్నాను. అప్పుడు దాని ముఖం చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

చిత్తూరులో డాక్టర్ నా మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టారు. కాలు ఎగరలేదు. మోచేతి దగ్గర కొట్టారు. అక్కడా లేదు. “రిఫ్లెక్సెస్ లేవు. దీన్ని ఇక్కడ పెట్టుకోకూడదు. ఈరోజే తిరుపతి తీసుకుపోండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు,” అన్నారు. ఆయన మంచి మాట అన్నారు. నేను ఇంతమందిని తిట్టబోతున్నాను కనుక ఈయన్ని ముందే వేరు చేసి చెబుతున్నాను.

తిరుపతి ఆస్పత్రిలో న్యూరాలజిస్ట్ ఒకావిడ. “గట్టిగా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి,” అన్నారు. పద్దెనిమిది దగ్గర ఆగిపోయాను. ఆవిడ ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా నర్సుతో, “గంట గంటకీ కౌంట్ చేయించు. ఐసీయూలో బెడ్ చూడు,” అన్నారు. ఆ మాట నాకు వినబడింది.

తర్వాత నర్సు నా సాక్స్ తీసింది. సాక్స్‌తో పాటు తోలూ వచ్చింది. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి, కొన్ని చిట్లి, ఎర్రగా ఉన్నాయట. నాకు నొప్పి లేదు. డాక్టరమ్మ చూసి, “ఇదెవరు చేశారు?” అన్నారు.

మా అమ్మ గోడ వారగా నిలబడి ఉంది. “నేనేమ్మా. ఉప్పు కాపడం పెట్టినాను. కాలతా ఉండాదా అని అడిగి అడిగి పెట్టినానమ్మా. లేదనే అన్నాడు.”

“కాళ్ళకి స్పర్శ లేని మనిషిని అడిగితే ఏం చెప్తాడమ్మా?” అన్నారు డాక్టరమ్మ.

నాకు కోపం తన్నుకొచ్చింది. రోగం మీద కోపం తెచ్చుకుంటే దానికేం నష్టం? ఎదురుగా ఉన్న మనిషి మీదే వచ్చింది. “దీన్ని బయటికి పంపండి,” అన్నాను, మా అమ్మని చూపించి. అమ్మ బయటికి వెళ్ళిపోయింది.

నర్వ్ కండక్షన్ స్టడీ అని చేతులకీ కాళ్ళకీ కరెంటు పెట్టి చూశారు. లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీళ్ళు తీశారు. “జీబీఎస్ అంటారు. ఆ విరేచనాలు తెచ్చిన ఇన్ఫెక్షన్ మీద పోరాడాల్సిన మీ ఇమ్యూనిటీ మీ నరాల మీదే పడింది,” అని చెప్పి, ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు ఎక్కించారు. “లేస్తానా మేడమ్?” అని అడిగాను. “ఎక్కువమంది లేస్తారు. ఎన్నాళ్ళకని మాత్రం నన్ను అడగొద్దు,” అన్నారు. ఆ ఆస్పత్రిలో నాకు అబద్ధం చెప్పకుండా మాట్లాడింది ఆవిడొక్కరే.

మందు మొదలైన రెండో రోజే కౌంట్ ఎనిమిదికి పడిపోయింది. గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టారు. మత్తు తగ్గినప్పుడు అన్నీ తెలిసేవి. చెయ్యి లేవదు, మాట లేదు. కళ్ళు మాత్రం మూసి తెరవగలను. ఆ స్థితిలో నా మీద జరిగిన దాడి గురించి చెబుతాను వినండి.

ఐసీయూలోకి వచ్చిన హేమావతి నా చెవి దగ్గర ఫోన్ పెట్టింది. కిరణ్ పంపిన వీడియో అట. ముందు స్టేడియం హోరు, తర్వాత అతని గొంతు. “బ్రో, గుర్తుందా? ఇది నువ్వు గుర్తులు పెట్టిన మ్యాచే! ఇరవై నాలుగు పాయింట్లు వెనకబడి గెలిచినారు. నీది కూడా కమ్‌బ్యాకే బ్రో!” దాని తర్వాత మా పెదనాన్న కొడుకు పంపింది, ఆ తర్వాత పలమనేరు నుంచి హేమావతి అన్న పంపింది. అందరికీ కిరణే పంచిపెట్టాడు. మళ్ళీ అదే హోరు. ఫోన్ ఆపవే అని చెప్పడానికి నోరు లేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. హేమావతేమో నేను కదిలిపోయాననుకుని సౌండ్ పెంచింది.

నాకు నిజంగానే ఆ మ్యాచ్ గుర్తుంది. వాళ్ళెవరూ చూడని ముక్క గుర్తుంది. మూడో క్వార్టర్‌లో, ఎర్ర జెర్సీల్లోనే, డెబ్బై రెండో నంబరు కుర్రాడు కింద పడి లేవలేదు. బోర్లా పడి ఉన్నాడు. చుట్టూ తోటివాళ్ళు ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చున్నారు. నేను ‘డెడ్ టైమ్’ మీట నొక్కి టీ తాగడానికి లేచాను. తిరిగొచ్చేసరికి ఆట నడుస్తోంది. వాడేమయ్యాడో నేను చూడలేదు, ఎవరూ చూడలేదు, వీడియోలో వాడు లేడు. వెంటిలేటర్ కొడుతున్న గాలి పీలుస్తూ రోజుల తరబడి వాడి గురించే ఆలోచించాను. వీళ్ళంతా నాకు పంపుతున్నది గెలిచిన పది నిమిషాలు. నేనున్నది వాళ్ళు కోసి పారేసిన చోట.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా పనిలో ‘కమ్‌బ్యాక్’ అనే గుర్తు ఆట నడుస్తుండగా పెట్టనివ్వరు. ఆఖరి విజిల్ పడ్డాక, వెనక్కి వెళ్ళి పెట్టాలి. ఆ నియమం కిరణే మాకు నేర్పాడు. నా విషయానికొచ్చేసరికి మాత్రం మొదటి రోజే పెట్టేశాడు.

ట్యూబ్ తీశాక గొంతు పెగలడానికి రెండు రోజులు పట్టింది. హేమావతి, “ఏమన్నా చెప్పయ్యా,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఆ ఫోన్ తీసకపోయి బావిలో పారెయ్,” అన్నాను. నవ్వుతూ ఏడ్చింది. నేను నవ్వలేదు.

తర్వాత వార్డుకి మార్చారు. ఫిజియోథెరపిస్టు వచ్చి చేతులు కదిలించాడు, మోకాళ్ళు వంచాడు. నిలబెట్టే రోజు వచ్చేసరికి అరికాళ్ళు చూసి తల అడ్డంగా ఆడించాడు. “కండ రెడీగా ఉందన్నా. కానీ ఈ పుండ్లు మానకుండా బరువు వెయ్యనివ్వను.” నాతోపాటు అదే జబ్బుతో చేరిన మనిషి వాకర్ పట్టుకుని వార్డంతా తిరుగుతున్నాడు. నేను మంచం మీద నుంచి చూస్తున్నాను. నరాలు చేసిన ఆలస్యం కొంత, ఉప్పు మూట చేసిన ఆలస్యం కొంత. అమ్మ రోజూ ఐరాలలో బస్సెక్కి, చిత్తూరులో మారి వచ్చేది. హేమావతికి అన్నం క్యారియర్ ఇచ్చి, వార్డు తలుపు దగ్గరే కూర్చుని, వెళ్ళిపోయేది. రమ్మని నేను అనలేదు.

కిరణ్ ఒకసారి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. స్టూలు మీద కూర్చుంటూనే, “చెప్పినాను గదా బ్రో, నువ్వు ఫైటర్‌వి అని!” అన్నాడు.

“ఆ మ్యాచ్‌లో డెబ్బై రెండో నంబరువాడు ఏమైనాడప్పా?”

“ఎవరు?”

“మూడో క్వార్టర్‌లో పడిపోయినాడే, వాడు.”

ఫోన్ తీసి వీడియో జరిపి జరిపి చూశాడు. “అట్లాంటోడు ఇందులో యాడా లేడే బ్రో.”

“లేడు. తీసేసింది మనమే. ఇంగ ఫైటర్ గియిటర్ అని నాతో అనొద్దు. పోయి పని చూసుకో.”

బత్తాయిలు పక్క మంచానికి ఇచ్చేశాను. పాపం అతని మనసు మంచిదే అని హేమావతి వెనకేసుకొచ్చింది. మంచిదే కావచ్చు. మంచి మనసున్న వాళ్ళు చేసిన హింస తక్కువేమీ కాదు.

పుండ్లు మానాయి. ఇంటికొచ్చాక వాకర్, ఆ తర్వాత చేతికర్ర. మామిడికాయలు మార్కెట్‌కి వచ్చేనాటికి వీధి చివరిదాకా నడిచాను. ‘ఇంతేనా, ఇంకా కర్ర వదల్లేదా?’ అన్నవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు రాయను, వాళ్ళకే తెలుసు. ఇప్పుడు కర్ర లేదు. చెప్పులో ప్లాస్టిక్ పట్టీ ఉంది, అది లేకపోతే కుడిపాదం ఈడుస్తుంది. వేళ్ళకి ‘టి’ మీట దొరుకుతోంది. అరికాళ్ళకి మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరమ్మ.

పనిలో మళ్ళీ చేరిన రోజు, కోయని అసలు మ్యాచ్ తీసి మూడో క్వార్టర్ పెట్టాను. వాణ్ణి స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. చివరిదాకా వెతికాను. ఆట గెలిచి అందరూ మైదానంలోకి పరుగెత్తినప్పుడు, ఒక మూల, రెండు చంకల కిందా కర్రలతో వాడు నిలబడి ఉన్నాడు. పరుగెత్తడం లేదు, గంతులెయ్యడం లేదు. నిలబడి చూస్తున్నాడు. దానికి మా దగ్గర మీట లేదు. నేను చాలాసేపు అలాగే ఆపి ఉంచి చూశాను.

ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడాను. క్షమించానని కాదు. కోపం ఇంకా ఉంది, అదేమీ దాచుకోను. కానీ నా అరికాళ్ళు నాకు కనబడవు, అక్కడ ముల్లు గుచ్చుకున్నా తెలియదు, ఎవరో ఒకరు రోజూ చూడాలి. హేమావతి పనికి పోతుంది. అందుకని అమ్మని పిలిచి, “కాళ్ళు చూడు,” అన్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దున నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, వేళ్ళ సందులు కూడా వదలకుండా చూస్తుంది. మా ఇంట్లో పెనం మీద ఉప్పు మళ్ళీ చిటపటలాడలేదు.

ఈ జబ్బు గురించి చదువుతున్నవాళ్ళకి నేను ధైర్యం చెప్పను. ఆ పని చేసేవాళ్ళు మీ ఫోన్ నిండా ఉంటారు. ఒక్క మాట మాత్రం చెబుతాను. తిమ్మిరి పాదాల నుంచి పైకి పాకుతూ బలం తగ్గుతుంటే అదే రోజు పెద్దాస్పత్రికి పోండి. మొద్దుబారిన కాలికి వేడి దేన్నీ తగలనివ్వకండి, రోగి ఎంత అడిగినా సరే.

మొన్న స్నానానికి నీళ్ళు తోడి, అమ్మ పాత అలవాటు కొద్దీ నా పాదాల మీద చెంబెడు పొయ్యబోయి, చెయ్యి ఆపింది.

“కాలతా ఉండాదా నాయనా?”

“నన్ను అడగొద్దుమా,” అన్నాను. “నీ చెయ్యి పెట్టి చూడు.”