కప్లర్ స్క్రూ వదులు చేసింది నేనే

కొన్నేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. మా అక్కకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. చెబితే వాళ్లు ఎక్కడ మా ఆయన చెవిన వేస్తారోనని. మీరెవరో నాకు తెలీదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లను నమ్మడం నాకు మొదటి నుంచీ చేతకాదు. చేసిన తప్పు కూడా ఆ చేతకానితనం వల్లే.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. పెళ్లయ్యాక హిందూపురం వచ్చాను. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆయనకు ఒకటే పిచ్చి, సీఎన్‌సీ రౌటర్ సొంతంగా తయారు చేయాలని. కంప్యూటర్లో గీసిన బొమ్మను చెక్క మీద తనంతట తనే చెక్కే యంత్రం అది. కొత్తది కొనే తాహతు మాకెక్కడిది? పాత ఇనుప సామాన్ల అంగట్లో పైపులు ఏరుకొచ్చాడు. పాడైన ప్రింటర్లు విప్పి వాటిలోంచి కడ్డీలు, మోటార్లు తీశాడు. పెద్ద మోటారు మాత్రం ఎవరో వాడి వదిలేసింది. బల్ల సొరుగులకు వేసే ఛానెళ్ల మీదే దాన్ని అటూ ఇటూ నడిపించాడు.

నేనూ ఊరికే కూర్చోలేదు. పైపులు పట్టుకున్నాను, వైర్లు రంగురంగుగా విడదీసి కట్టాను. బిగించిన ప్రతి స్క్రూ మీదా నా నెయిల్ పాలిష్ ఒక చుక్క పెట్టేవాడు. స్క్రూ కదిలితే ఆ చుక్క చిట్లుతుంది, చూడగానే తెలిసిపోతుంది అని. నా గోళ్లకు మిగల్చవా అని దెప్పేదాన్ని. అవి మంచి రోజులు.

తర్వాత ఆయన పెనుకొండ రాకపోకలు మొదలయ్యాయి. ఆదివారం వస్తే బండి తీసేవాడు. ఎందుకని అడిగితే పనుందనేవాడు. ఫోన్ వస్తే గేటు దాకా పోయి మాట్లాడేవాడు. ఒకసారి ఆయన స్నానానికి పోయినప్పుడు మోగితే నేనే ఎత్తాను. ఆడగొంతు. నా పలుకు వినగానే, మళ్లీ చేస్తాలే అని పెట్టేసింది. ఇంకేం కావాలి నాకు? ఇంకో రోజు నేను గదిలోకి పోగానే ల్యాప్‌టాప్ మూసేశాడు. మూసేలోపే చూశాను. ద్రాక్ష తీగలు, గుత్తులు, మధ్యలో పేరు చెక్కడానికన్నట్టు ఖాళీ. ఆ ఖాళీలో ఎవతి పేరు వస్తుందా అని రగిలిపోయాను.

అడగొచ్చు కదా అంటారు మీరు. అబద్ధమే చెబుతాడని ముందే తీర్మానించుకున్నదానికి అడగడం ఎందుకు?

ఒక శనివారం ఆయన పెద్ద టేకు పలక ఒకటి తెచ్చి యంత్రానికి బిగించి, సాయంత్రం వచ్చి నడుపుతానని డ్యూటీకి పోయాడు. నేను స్క్రూలు తిప్పే అలెన్ కీ తీసుకున్నాను. మోటారునూ దాని పక్కనుండే పొడుగాటి స్క్రూ రాడ్డునూ కలిపే చిన్న ముక్క ఒకటుంటుంది, కప్లర్ అంటారు. దాని స్క్రూ వదులు చేశాను. పూర్తిగా కాదు. పూర్తిగా వదిలితే మొదట్లోనే తెలిసిపోతుంది. సగం బొమ్మ బాగా వచ్చి, ఆ తర్వాత జారాలి. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. మగ్గం పక్కన పెరిగినదాన్ని, ఒక్క పోగు పక్కకు జరిగితే చీర ఏమవుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు.

సాయంత్రం ఆయన నడిపితే సగం తీగ ముచ్చటగా వచ్చింది. ఆ పైన ఆకు మీద ఆకు, గుత్తి మీద గుత్తి పడి పలకంతా పాడైంది. ఆయన మిషన్ ఆపి, పలక మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నాకు సంతోషమేసింది. అవును, సంతోషమే.

మర్నాడు మా ఇంటి ముందు ఆటో ఆగింది. దిగింది అరవై దాటిన ఒక పెద్దామె, వెనకాల ఆమె భర్త. పెనుకొండ దగ్గర పల్లెలో వాళ్ల చర్చి ఉంది. అక్కడ ప్రసంగం చేసే పీఠానికి ముందు బిగించే పలకట అది. మధ్యలో ఖాళీ శిలువ కోసం. ఊరంతా కలిసి కొనిచ్చిన టేకు. ఆయనకు వచ్చిన మొట్టమొదటి ఆర్డరు.

"నీ పెండ్లానికి చెప్పొద్దంటివి కదప్పా, అందుకే ఆ పొద్దు ఫోన్ పెట్టేస్తి. ఏమైండాది పలకకి?" అందామె.

"నా చేతిపనే సరిగా లేదమ్మా. ఇంకెవురితోనన్నా చేపిచ్చుకోండి. టేకు నేను తెచ్చిస్తా," అన్నాడు ఆయన.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పు తల్లీ. ఒగసారి చెడితే ఇట్ల మనసు ఇరగ్గొట్టుకుంటే ఎట్ల?"

నోరు తెరిచాను. "కాఫీ తాగుతారా?" అన్నాను.

నా దగ్గర ఎందుకు దాచాడో అప్పుడు అర్థమైంది. అంతకుముందు ఒకసారి, నీ మిషన్‌కు ఎవురిస్తారు ఆర్డరు అని నవ్వాను. పని పూర్తి చేసి నాకే ముందు చూపించాలనుకున్నాడు.

స్క్రూ మళ్లీ బిగిద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ మరుసటి రోజు నేను బజారుకు పోయి వచ్చేసరికి మిషన్ మొత్తం విప్పేసి గోనెసంచుల్లో కట్టాడు. విప్పే మనిషికి ఏ స్క్రూ వదులుగా ఉందో, ఏ చుక్క చిట్లిందో కనబడకుండా ఉంటుందా? అన్నీ తీసుకెళ్లి పాత సామాన్ల అంగట్లోనే పడేశాడు.

ఇప్పుడు కుర్చీ కాలు ఊగుతోందని చెప్పినా, "ఎవురినన్నా పిలుచుకో, నేను చేస్తే నిలబడదు," అంటాడు. తన చెయ్యిని నమ్మలేక అంటున్నాడా, నాకు తగలాలని అంటున్నాడా? ఆయన నవ్వినా నాకు అనుమానమే, ఊరకున్నా అనుమానమే. తెలియకపోతే నేనెందుకు చెప్పుకోవాలి? తెలిసే ఉంటే, ఇన్నేళ్లు నా చేతి అన్నం ఎలా తిన్నాడు?

ఇంకొకటుంది, అది మరీ నీచం. ఆ ఆటోలోంచి ఒక పడుచుది దిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఏడ్చేదాన్ని, అరిచేదాన్ని, ధర్మవరం పోయి కూర్చునేదాన్ని. కానీ తప్పు ఆయనది అయ్యుండేది. మంచివాడైన మొగుడు చెడ్డవాడై ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను నేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించి ఏం లాభం? చెప్పాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. చెప్పాల్సిన మనిషి పక్కగదిలోనే ఉన్నాడు.